‘ఒక్కరోజే కదా’ అన్న మాటే అసలు చిక్కు

వేసవి ముదిరిందంటే విశాఖవాసుల చూపు అరకులోయ వైపు మళ్ళుతుంది. నగరానికి సుమారు 115 కిలోమీటర్ల దూరం. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత ఆరు డిగ్రీల మేర తగ్గుతుంది. అందుకే తీరప్రాంతపు ఉక్కపోతలో అలసిన దేహం అక్కడ సేదదీరుతుంది. మిత్రులతో ఉదయం బయలుదేరి, బొర్రా గుహలు చూసి, కాఫీ తోటల నీడన కాసేపు గడిపి, రాత్రికి ఇల్లు చేరడం మనసుకూ మేలు, ఒంటికీ మేలు. వెళ్ళవద్దని నేననను. నా అభ్యంతరమల్లా బయలుదేరే ముందు మనం అనుకునే ‘ఒక్కరోజే కదా’ అన్న మాటకే.

ఆ మాట చాటున ఏం జరుగుతుందో చూడండి. దారిలో మరుగుదొడ్డి దొరకదేమోనని కొందరు రక్తపోటుకు వాడే నీటిమాత్రను ఆ పూటకు మానేస్తారు. ఎందరో స్త్రీలు నీళ్ళు తాగడమే తగ్గించుకుంటారు. చల్లగాలిలో దాహం తెలియదు గానీ, ఎండ ఎండే. మాత్ర వేళ మార్చుకోవచ్చునేమో ముందురోజే వైద్యుణ్ణి అడగండి, సొంతంగా మానకండి. మూత్రం ముదురు పసుపురంగుకు మారితే నీరు చాలడం లేదని గ్రహించండి.

మధుమేహులు కొందరు ఇన్సులిన్ వేసుకుని, బొంగు చికెన్ కోసం మధ్యాహ్నం మూడింటి దాకా భోజనం వాయిదా వేస్తారు. చెమటలు, వణుకు, తికమక మొదలైతే ఘాట్ రోడ్డు మలుపుల వల్ల కళ్ళు తిరిగాయని సరిపెట్టుకుంటారు. అది రక్తంలో చక్కెర పడిపోవడం కావచ్చు. స్పృహ ఉంటే వెంటనే పంచదార గాని గ్లూకోజు గాని ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి చేర్చండి.

ఇక మలేరియా. మన్యానికి అది కొత్త కాదు. దాన్ని మోసే దోమ సందెవేళ నుంచి తెల్లవారేదాకా కుడుతుంది. కాబట్టి చీకటి పడేవేళకు పొడుగుచేతుల దుస్తులు, దోమలను దూరంగా ఉంచే లేపనం అవసరం. కుట్టిన మర్నాడే జ్వరం రాదు. సాధారణంగా వారం నుంచి నెలలోపు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఆలస్యంగా వస్తుంది. అప్పుడు వైద్యుడు “ఎక్కడికైనా వెళ్ళారా?” అని అడిగితే రోగి లేదనే అంటాడు. ఒక్కరోజు ప్రయాణం అతని లెక్కలో ప్రయాణమే కాదు! ఆ చిన్న మరపు వల్ల రక్తపరీక్ష ఆలస్యమవుతుంది. కొన్నిరకాల మలేరియాలో ఆ ఆలస్యం ప్రాణాంతకం. అడగకపోయినా ఆ మాట మీరే చెప్పండి.

యాత్రాస్థలాల దారుల్లో శుభ్రమైన మరుగుదొడ్లు నిర్మించడం పర్యాటక సౌకర్యం మాత్రమే కాదు, ఆరోగ్య సేవ కూడా. ప్రభుత్వం ఆ పని చేయాలి. మిత్రబృందం చేయవలసిందీ ఒకటుంది: ఎవరికి ఏ జబ్బుందో, ఏ మందు వాడుతున్నారో బండి ఎక్కకముందే అడిగి తెలుసుకోవడం. రోజు ఒక్కటే కావచ్చు. ఆ రోజున మన దేహానికి సెలవు లేదు.