అమ్మకి ఏదైనా పర్లేదు!

మొన్న డ్రాయరు సర్దుతుంటే ఐదు జతల ఇయర్‌ఫోన్లు బయటపడ్డాయి. ఒకదానికి ఎడమవైపు మూగ. ఒకదానికి రబ్బరు టిప్పు లేదు. ఇంకోదాన్ని జాక్ దగ్గర పట్టుకుని ఒక పక్కకి వంచితేనే పలుకుతుంది. మిగతా రెండూ ఎప్పటివో పాత ఫోన్లతో వచ్చినవి, ముట్టుకుంటే తీగ చేతికి జిగటగా అంటుకుంటోంది. ఐదింటికీ ఒకటే పోలిక. అన్నీ ఎవరో వాడి వదిలేశాక నా దగ్గరికి చేరినవే. మావారు కొత్తవి కొనుక్కుంటే పాతవి నాకు. మా అబ్బాయి కొనుక్కుంటే వాడివి నాకు. మాడిన అట్టు, గిన్నె అడుగున మిగిలిన కూర, విరిగిన అప్పడం వచ్చినట్టే ఇవీ వచ్చాయి. "అమ్మకేం, ఏదైనా పర్లేదు."

పర్లేదని నేనెప్పుడు చెప్పాను?

చెప్పే ఉంటాను లెండి. మనమే చెప్తాం కదా. అందుకే ఈ కోపంలో సగం నా మీదే.

అసలు సంగతి ఇది. నలభై ఏడో ఏట మళ్లీ సంగీతం మొదలుపెట్టాను. పెళ్లితో ఆగిపోయింది, పిల్లల చదువులయ్యాక తీరిక దొరికింది. వారానికి రెండు మధ్యాహ్నాలు ఫోన్లో క్లాసు. మూడు నెలలపాటు టీచరుగారిది ఒకటే మాట: "శ్రుతి కిందికి జారుతోందమ్మా." ఎంత సాధన చేసినా అదే. చెవి పోయింది, గొంతు పోయింది, ఈ వయసులో మనకెందుకులే అనుకుని, మానేస్తున్నానని మెసేజ్ కూడా టైపు చేసి పెట్టుకున్నాను. ఈలోగా మా అమ్మాయి సెలవులకి వచ్చింది. నా అవస్థ చూసి, తన ఐ.ఈ.ఎమ్. తీసి నా చెవుల్లో పెట్టింది. తంబురా వినబడింది! మంద్ర షడ్జం నిండుగా, కింద పీట వేసినట్టు. నేను మూడు నెలలుగా విన్నది తంబురా కాదు, దోమ మోత. ఎడమది మూగ, కుడిది వదులు. నిలబడడానికి నేల లేకుండా చేసి, పడిపోతున్నావేం అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఐ.ఈ.ఎమ్. అంటే ఇన్-ఇయర్ మానిటర్. స్టేజీ మీద పాడేవాళ్లు తమ గొంతు తాము వినడానికి చెవి లోపలికి పెట్టుకునేది. కచేరీలకి పుట్టిన వస్తువు ఇప్పుడు మామూలు ఇళ్లలోకీ వచ్చింది. నేను మాట్లాడేది మూడు వేల నుంచి ఎనిమిది వేల మధ్య దొరికే మధ్యరకం వాటి గురించి. మంచి మిక్సీ ధర. మిక్సీకి ఆ డబ్బు పెడితే ఎవరూ నోరెత్తరు, అది ఇంటికోసం కదా! నా చెవులకి అనగానే మావారు పేపరు కిందికి దించి, "వంటింట్లో వినడానికి అంత ఖరీదైనవా? నీకు తేడా తెలుస్తుందా?" అన్నారు.

తెలుస్తుందండీ. పోపులో ఆవాలు ఎప్పుడు ఆగాయో హాల్లో కూర్చుని చెప్పగలను. కుక్కర్ రెండో కూతకీ మూడో కూతకీ మధ్య లెక్క తప్పలేదు. అర్ధరాత్రి పక్కగదిలో పిల్లాడు దగ్గితే అది పొడి దగ్గో కఫమో నిద్రలోనే తెలిసేది. ఇంకో మాట కూడా. వయసుతో పైస్థాయి శబ్దాల వినికిడి తగ్గడం మగవాళ్లలోనే ముందుగా, ఎక్కువగా కనబడుతుందని వైద్యులు చెప్తారు. ఎవరికి తేడా తెలియదో చెప్పండి మరి.

ఇంట్లో ఇలా ఉంటే షాపులో ఇంకో తంతు. అడిగింది నేను, జవాబులు మావారికి. "సార్, దీంట్లో ఒక్కో పక్క పది డ్రైవర్లు సార్." పది డ్రైవర్లు అంటే నగకి పది రాళ్లన్నట్టు! నిజానికి డ్రైవర్ అంటే లోపల శబ్దం పుట్టించే చిన్న భాగం. అవి ఎక్కువైనకొద్దీ ఒకదానితో ఒకటి కలిసి పలికేలా కూర్చడం కష్టమవుతుంది. కూర్చడం రాకపోతే కింది స్వరం ఒక చోటినుంచి, పై స్వరం ఇంకో చోటినుంచి వచ్చినట్టుంటుంది. తాళం తెలియని పదిమంది కలిసి భజన చేసినట్టు. ఎటిమోటిక్ అనే అమెరికా సంస్థ 1991లో తెచ్చిన ఈ.ఆర్.-4లో ఒక్కో చెవికి ఉన్నది ఒకే ఒక్క డ్రైవర్. వినికిడి యంత్రాల్లో వాడే రకం. మంచి శబ్దమంటే ఏమిటో చెప్పడానికి ఎన్నో ఏళ్లపాటు దాన్నే కొలబద్దగా పెట్టుకున్నారు. ధర సంగతీ అంతే. జెరోన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్లని కొలిచి చూసి, వాటి ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కీ, అంటే ఏ స్వరం ఎంత గట్టిగా పలుకుతుందన్నదానికీ, ధరకీ సంబంధం కనబడలేదని 2017లో ప్రచురించాడు. ఖరీదు పెరిగితే పెట్టె అందంగా ఉంటుంది. లోపలున్నది వినే తెలుసుకోవాలి.

ఆ పది డ్రైవర్ల దాన్నే కొనిపించారు, అది వేరే విషయం. పది నిమిషాలు వింటే కణతలు నొప్పి. స అంటే సూదితో పొడిచినట్టు. వారం భరించి, వాపసిస్తే తీసుకోనంటే, డబ్బు గంగలో కలిపి, ఈసారి నేను ఒక్కదాన్నే వేరే షాపుకి వెళ్లాను. వినడానికి ఇస్తారా లేదా అని గుమ్మంలోనే అడిగాను. చీర మడత విప్పి చూపించని కొట్లో చీర కొంటామా?

వినడమంటే వాళ్లు పెట్టే డబడబల పాట కాదు. ఏ ఇయర్‌ఫోన్ అయినా ఆ పాటకి బాగానే ఉంటుంది, అందుకే అది పెడతారు. మనకి కంఠతా వచ్చినవి మనమే తీసుకెళ్లాలి. నేను ఎమ్మెస్ సుబ్బులక్ష్మిగారి వేంకటేశ్వర సుప్రభాతం పెట్టాను. పొద్దున్నే వీధి చివర మైకులో విని విని అరిగిపోయిందనుకుంటాం కదా. అందులో ఎమ్మెస్‌గారితో పాటు ఆమె కూతురు రాధా విశ్వనాథన్ గొంతు కూడా ఉంది. మంచి సెట్‌లో రెండు గొంతులూ రెండుగా వినబడతాయి, పక్కపక్కన కూర్చున్నట్టు. నాసిదాంట్లో రెండూ కలిసి ముద్దైపోతాయి. పైగా మన భాషకి శ, ష, స మూడూ ఉన్నాయి. ఇంతకంటే మంచి పరీక్ష ఏ కంపెనీ పెట్టగలదు? మూడూ వేరువేరుగా, మెత్తగా వినబడాలి. మూడూ ఒకే బుసలా వస్తే ఆ సెట్ పైస్థాయిలో అరుస్తోందని అర్థం. షాపులో అది చురుగ్గా, స్పష్టంగా ఉన్నట్టే అనిపిస్తుంది, ఇంటికెళ్లి అరగంట వింటే తలనొప్పి. నా ఆరు వేలు అలాగే పోయాయి.

తర్వాత మృదంగం. ఎడమవైపు తొప్పి మీద దెబ్బ పడితే గుమ్మని పలికి ఆగాలి. ఆగకుండా గుమగుమలాడుతూ పాడేవాళ్ల గొంతు మీదికి వస్తే బాస్ ఎక్కువైనట్టు. కుర్రకారుకి అదే ఇష్టమైతే వాళ్లిష్టం. నాకు కావలసింది గొంతు. సినిమా పాటల్లో అయితే గీతాంజలిలోవి చాలు. పైన వయొలిన్లు సాగుతుంటే కింద ఇళయరాజాగారి బేస్ గిటార్ తన దారిన తాను నడుస్తుంటుంది. ఆ నడక ఒక్కో అడుగూ విడిగా వినబడుతోందా అని చూస్తాను.

ఇక్కడే చాలామంది మోసపోయే సంగతొకటుంది. బాస్ లేదు, పీలగా ఉంది అని పక్కన పెట్టేసిన వాటిలో సగం టిప్పు సరిపోనివే. చెవి రంధ్రం మూసుకోకపోతే కింది స్వరాలు ఆ సందులోంచి జారిపోతాయి. కొత్త సెట్‌కి మీడియం టిప్పు తొడిగి ఇస్తారు. మీడియం అంటే ఎవరి చెవికి? నాకు చిన్నది పడుతుంది, అది కూడా కుడివైపు ఒక సైజు, ఎడమవైపు ఇంకో సైజు. పెట్టెలో ఉన్నవన్నీ మార్చి చూడందే తీర్పు చెప్పకండి. ఒక చెవిలో తక్కువగా వినబడితే కంగారు పడి డాక్టరు దగ్గరికి పరుగెత్తేముందు కుడిది ఎడమకి, ఎడమది కుడికి పెట్టి చూడండి. తక్కువదనం చెవితోపాటు ఉండిపోతే చెవి చూపించుకోండి. ఇయర్‌ఫోన్‌తోపాటు ఇటునుంచి అటు మారితే లోపం దానిది. ఈ చిన్న ముక్క తెలియక నేను మూడు నెలలు ఏడ్చాను.

బిగువు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. వదులు టిప్పుతో వింటే బయటి చప్పుడంతా లోపలికొస్తుంది. చిమ్నీ, మిక్సీ, వీధి. దాన్ని మించాలని వాల్యూమ్ పెంచుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటల వరకు వినొచ్చు, 90 అయితే 4 గంటలే. చెవికి సరిగ్గా అమరిన దాంట్లో తక్కువ వాల్యూమ్‌కే పాటంతా వినబడుతుంది. కాబట్టి మంచిది అడగడం విలాసం కాదు. పాత పనికిరానిది మనకి అంటగట్టి, అది వినబడక మనం ఫుల్లు వాల్యూమ్ పెట్టుకుంటే, "చెవులు పాడవుతాయే" అని మళ్లీ మనకే క్లాసు పీకుతారు చూడండి, అదీ నాకు మంట. (కుక్కర్ పొయ్యి మీదుంటే మాత్రం ఒక చెవి ఖాళీగా ఉంచుకోండి. రోడ్డు మీద రెండూ.)

ఇక కట్టుబాటు, అంటే వస్తువు గట్టితనం. లోహంతో చేసింది గట్టిదనీ, ప్లాస్టిక్‌ది చవకదనీ చూడగానే అనేస్తాం. లోహానికి పైపూత లేస్తుంది, బరువుకి చెవి కిందికి లాగుతుంది. మంచి రెజిన్‌తో చేసింది తేలిగ్గా ఉండి ఏళ్లు వస్తుంది. నేను చూసేది ముందు తీగ. ఇయర్‌ఫోన్లు చాలావరకు చచ్చేది తీగ దగ్గరే. అది ఊడదీసి కొత్తది తగిలించుకునేలా ఉండాలి, ఎక్కువ వాటికి రెండు పిన్నులుంటాయి. తీగ పోతే కొన్ని వందలతో పోతుంది, లేకపోతే మొత్తం డ్రాయరు పాలు. పిన్ను దగ్గర వదులుందా, రెండు సగాలు అతికిన చోట గోరు దూరుతోందా, మూతి దగ్గర జాలీ సరిగ్గా ఉందా అని పప్పులో రాళ్లు చూసినట్టు చూస్తాను. ఆ జాలీలో గులిమి చేరితే శబ్దం తగ్గుతుంది, అప్పుడప్పుడు మెత్తటి బ్రష్షుతో తుడవాలి.

ఈ రివ్యూలు చెప్పే మగపిల్లలు ఒక్కరైనా బుట్టలు పెట్టుకుని చూశారా? తీగ చెవి పైనుంచి వెనక్కి తిరిగి దిగుతుంది. అక్కడ మనకి కళ్లజోడు కాడ, జడ వెంట్రుకలు, చెంపస్వరాలు. ముందు మంగళసూత్రం గొలుసు. తీగ గట్టిగా ఉంటే వీటన్నిటికీ రాసుకుని ఆ గరగర నేరుగా లోపల వినబడుతుంది. నేను షాపులో బుట్టలు పెట్టుకునే వెళ్లాను, నాలుగడుగులు నడిచాను, తల ఊపాను, నోరు తెరిచి సరిగమలు కూడా పాడాను. దవడ కదిలితే జారిపోయేవి కొన్ని ఉన్నాయి. అక్కడి కుర్రాడు నవ్వుకున్నాడు. నవ్వుకోనీ.

గంటన్నర విని, ఒక్క డ్రైవర్‌ది, చిన్న గూడుది, మూడు వేల ఎనిమిది వందలకి తెచ్చుకున్నాను. నా డబ్బులతోనే. మెసేజ్ పంపలేదు, క్లాసు మానలేదు. శ్రుతి ఇంకా అక్కడక్కడా జారుతోంది, కానీ ఇప్పుడు జారినప్పుడు నాకే తెలుస్తోంది.

నిన్న రాత్రి మావారు క్రికెట్ మ్యాచ్ చూసుకోవాలని, తనవి చార్జింగ్ అయిపోయాయని, "నీవి ఒకసారి ఇవ్వవోయ్" అన్నారు.

డ్రాయర్లో ఎడమవైపు మూగది ఉంది, మ్యాచ్‌కి ఏదైనా పర్లేదు, తీసుకోండి అన్నాను.