బావగారి రెండో షిఫ్టు

సాయంత్రం ఆరయ్యేసరికి మా బావగారు చొక్కా తొడుక్కుని, క్యారేజీ చేతబట్టుకుని వీధి గుమ్మంలో నిలబడతారు. డ్యూటీకి వేళయిందట! నాచారం పారిశ్రామికవాడలో ముప్ఫయ్యేళ్ళు ఫిట్టరుగా పనిచేసి, రిటైరై పన్నెండేళ్ళయిన మనిషి. "ఆ ఫ్యాక్టరీ ఎప్పుడో మూసేశారండీ" అంటుంది మా పెద్దక్కయ్య. ఆయనకి కోపం, ఈవిడకి కన్నీళ్ళు, ఆ వెనక నాకు ఫోను.

నేనుండేది ఉప్పల్లో. దూరం కాస్తంతే గాని, ఆ వేళప్పుడు ఉప్పల్ రింగురోడ్డు దాటి నాచారం చేరడమంటే ఏమిటో అనుభవించినవారికి వేరే చెప్పనక్కరలేదు. నే వెళ్ళేసరికి గొడవ సద్దుమణిగి, అక్కయ్య ఓ మూల కూలబడి వుండేది. మేనల్లుడు అమెరికాలో వున్నాడు. హాల్లో కెమెరా పెట్టించి, "అమ్మా, నాన్న లేచాడు చూడు" అని అక్కడినుంచి హెచ్చరించేవాడు. పాపం, వాడి బాధ వాడిది. కాని ఆ లేచిన మనిషిని కూర్చోబెట్టవలసింది అమ్మేగా!

డాక్టరుగారు పరీక్షించి డెమెన్షియా అన్నారు. తెలుగు మేష్టర్ని కనుక దానికో తెలుగుమాట వెతికాను. మతిమరుపు అంటే తేలిపోతుంది, తాళంచెవి ఎక్కడో పెట్టి వెతుక్కునే నాకూ అది వుంది. చిత్తవైకల్యమంటే ఇరుగుపొరుగు పిచ్చి అనుకుంటారు. మాట దొరకలేదు గాని, మేం ఒంటరివాళ్ళం కామని తెలిసింది. 2023లో వెలువడిన అంచనా ప్రకారం మన దేశంలో అరవై దాటినవారిలో ఇలాంటివారు 88 లక్షలమంది!

ఓ రాత్రి అక్కయ్య "ఒరే తమ్ముడూ, ఇక నావల్ల కాదురా" అంది. మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి 14416కి ఫోను చేశాను. టెలీ మానస్ అని, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. రాత్రీ పగలూ, తెలుగులో, పైసా ఖర్చు లేకుండా మాట్లాడవచ్చు. నేను బావగారి సంగతులు ఏకరువు పెడుతుంటే అవతలి అమ్మాయి ఓపిగ్గా విని, "ఆయన్ని చూసుకునేవారు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారండీ?" అనడిగింది. నా దగ్గర జవాబు లేదు. రెండేళ్ళుగా బావగారెలా వున్నారని అడిగానే గాని, అక్కయ్యా, నిద్రపోయావా అని అడిగిన పాపాన పోలేదు.

ఫోను అక్కయ్య చేతికిచ్చాను. ఆయనతో వాదించవద్దంది ఆ అమ్మాయి. నిజమే మరి, ఫ్యాక్టరీ మూశారని చెప్పడమంటే రోజూ ఆయన వుద్యోగం ఊడబెరకడమే! "ఇవాళ వీక్లీ ఆఫ్ కదండీ" అనమంది. పొద్దు వాలకముందే దీపాలన్నీ వేసి, ఆయన చేతికేదైనా పని ఇమ్మంది. అక్కయ్య పాత నట్లూ బోల్టులూ పళ్ళెంలో పోసి ముందుపెడితే ఆయన సైజులవారీగా వేరుచేస్తారు. రాత్రి ఈవిడ మళ్ళీ కలిపేస్తుంది. రోజూ ఈ ఉపాయం పారుతుందనుకునేరు, మొన్న శుక్రవారం పళ్ళెం గోడకేసి కొట్టారు. మనిషి హఠాత్తుగా మరీ మారిపోతే మటుకు ఫోనుతో సరిపెట్టక డాక్టరుకి చూపించమని కూడా ఆ అమ్మాయే హెచ్చరించింది.

వృద్ధుల పింఛను వగైరాల కోసం 14567 వేరే వుంది, ఉదయం ఎనిమిదినుంచి రాత్రి ఎనిమిదిదాకా. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2019లో ఐసపోర్ట్ పేరిట ఇంటర్నెట్టులో పాఠాలు పెట్టారు. అయిదు భాగాల్లో ఒకటి అచ్చంగా చూసుకునేవారి ఆరోగ్యం గురించే. మేనల్లుణ్ణి అది చదవమన్నాను. ఇప్పుడు కెమెరా కాపలా తగ్గించి, ఆదివారం గంటసేపు వాళ్ళ నాన్నతో వీడియోలో కబుర్లు చెబుతున్నాడు. ఆ గంటలో అక్కయ్య తలంటుకుంటుంది.

నిన్న మధ్యాహ్నం కాలేజీనుంచి ఫోను చేస్తే బావగారే తీశారు.

"ఎవరండీ?"

"మీ బావమరిదినండీ."

"మా ఆవిడ నిద్రపోతోంది. లేపను. తర్వాత చెయ్యండి" అని పెట్టేశారు.

నాకెంత సంతోషమయిందో! అంతలోనే వీధి తలుపు గొళ్ళెం సంగతి గుర్తుకొచ్చింది. మూడో పీరియడు ఇంకొకరికి అప్పగించి ఆటో ఎక్కాను.