మన పుస్తకం అమ్మేవాడికి సంఘం ఏదీ?

2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో భూమి కోసం జరిగిన దాడికి ఐదుగురు దళితులు బలయ్యారు. ఆ ఘోరం మీద వచ్చిన నివేదికల్ని, కరపత్రాల్ని ఏ పెద్ద షాపు అద్దాల బీరువాలో చూశారు మీరు? ఏప్రిల్ 14న శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో బాబాసాహెబ్ విగ్రహం పక్కన గుడ్డ పరుచుకుని కూర్చునేవాడి దగ్గరే మన పుస్తకం దొరుకుతుంది.

రైసుమిల్లర్లకు సంఘముంది, మందుల షాపులకు సంఘముంది. ఈ గుడ్డ పరిచినోడికి ఏముంది?

అమెరికాలో సొంత పుస్తకాల షాపులవాళ్ళు 1900లోనే దేశవ్యాప్త సంఘం పెట్టుకున్నారు. పెద్ద కంపెనీ షాపులకు ఎక్కువ కమీషన్, చిన్నవాళ్ళకు తక్కువా ఇస్తున్నారని 1994లో ఐదుగురు ప్రచురణకర్తల మీద కోర్టుకెక్కారు. వాళ్ళు వ్యాపారులే, విప్లవకారులేం కాదు. కానీ ఒంటరిగా అడిగితే వినరని తెలుసుకున్నారు.

మనవాళ్ళు చదవరు, కొనరు అనే మాట పాత అబద్ధం. 1936లో లాహోర్ సభవాళ్ళు వద్దన్న ప్రసంగాన్ని అంబేద్కర్ 'కులనిర్మూలన'గా సొంత ఖర్చుతో అచ్చేస్తే, 1500 కాపీలు రెండు నెలల్లో అయిపోయాయి. కొరత చదివేవాళ్ళకు కాదు, పుస్తకం చేరే దారికి.

ఉన్న దారి కూడా ఇరుకైపోతోంది. పోస్టాఫీసు 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్ పోస్టును ఎత్తేసింది. 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది తెచ్చింది. అందులో 300 గ్రాముల లోపు పుస్తకానికి 20 రూపాయలు, పైన పన్ను. ఇరవై రూపాయల చిన్న పుస్తకం పాలకొండ కూలీ బిడ్డ చేతికి చేరేసరికి నలభై దాటుతుంది. అయిదు కిలోల కట్టకు వంద రూపాయలే. అంటే భారం పడేది ఒక్క పుస్తకం కొనుక్కునే పేదవాడి మీదే!

ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతోంది. పేటల్లో ఇళ్ళవాళ్ళూ కడుతున్నారు. ఆ డబ్బుతో కొనే పుస్తకాల్లో మనవెన్నని అడిగినోళ్ళేరీ?

అందుకే రెండు జిల్లాల్లో పుస్తకాలు అమ్మే చిన్నవాళ్ళంతా ఒక సంఘంగా కూడాలి. పెద్ద షాపుకిచ్చే కమీషనే మాకూ ఇవ్వాలనాలి. చిన్న పుస్తకానికి తపాలా చార్జీ తగ్గించమనాలి. జిల్లా గ్రంథాలయ సంస్థలు మన పుస్తకాలు కొనాలని నిలదీయాలి. రాసేవాళ్ళూ, చదివేవాళ్ళూ వాళ్ళ వెనక నిలబడాలి.

రాయడం నేర్చుకున్నాం, అచ్చేయడం నేర్చుకున్నాం. అమ్ముకునే హక్కు కోసం కొట్లాడ్డం ఇంకా మిగిలే ఉంది.