సంపాదకుని మాట: కూతురికి ముందే రక్షణ

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు అన్ని సందర్భాలలోనూ మూలం హెచ్‌పీవీ, అంటే లైంగిక సంపర్కం ద్వారా సోకి, కొందరిలో ఏళ్ల తరబడి నిలిచిపోయే హ్యూమన్ పాపిలోమా వైరస్. ఈ సంబంధాన్ని వెలికితీసిన జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ త్సుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. హెచ్‌పీవీ టీకా వైరస్ సోకకుండా ఆపగలదే తప్ప, సోకిన దానిని తొలగించలేదు గనుక, 9 నుంచి 14 ఏళ్ల వయసు బాలికలకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రాధాన్యమిస్తోంది.

అయినా ఈ టీకాపై తెలుగునాట సందేహం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో జరిగిన హెచ్‌పీవీ టీకా కార్యక్రమం తరువాత కొందరు బాలికలు మరణించగా, ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో రుజువు కాలేదు. అయితే తల్లిదండ్రుల అనుమతి తీసుకున్న తీరులో లోపాలు బయటపడ్డాయి కాబట్టి, ఆ సందేహాన్ని అజ్ఞానమని కొట్టివేయడం అన్యాయం. సందేహాలన్నీ వైద్యులను అడిగి తీర్చుకుని, బిడ్డ బాల్యం దాటకముందే టీకా వేయించాలని తల్లిదండ్రులకు ఈ పత్రిక విన్నపం.