గుంట కుదిరితేనే స్క్రూ నిలుస్తుంది

కొత్తగా చేయించిన అల్మరా తలుపు ఏడాది తిరక్కుండానే కిందికి జారితే ఇంట్లోవాళ్లు ముందు ప్లైవుడ్‌ను, ఆ తర్వాత బందులను తప్పుపడతారు. ఊడిన స్క్రూ దగ్గర కాస్త పరీక్షగా చూస్తే చాలాసార్లు అసలు కారణం అక్కడే దొరుకుతుంది. స్క్రూ తల చుట్టూ లామినేట్ పెచ్చు లేచి ఉంటుంది, లేదా చెక్క అంచు వరకు సన్నని బీట పారి ఉంటుంది. ముందుగా రంధ్రం వేయకుండా, తల కూర్చోవడానికి గుంట తొలవకుండా స్క్రూను మిషన్‌తో నేరుగా దింపేశారనడానికి అవే గుర్తులు. ఆ గుంట తొలిచే కౌంటర్‌సింక్ బిట్టును ఉన్నా లేకున్నా ఒకటేనన్నట్టు చూడటం తప్పు. వేలు పోసి కొన్న కలప ఎన్నాళ్లు మన్నుతుందో తేల్చేవాటిలో అదీ ఒకటి.

చదును తల స్క్రూకు తల అడుగుభాగం ఏటవాలుగా ఉంటుంది. గుంట లేనిచోట దాన్ని బలవంతంగా బిగిస్తే ఆ వాలు చీలలా పనిచేసి చెక్క పోగులను రెండు పక్కలకూ నెడుతుంది. టేకు, నల్లమద్ది లాంటి గట్టి కలపలో, అందులోనూ పలక చివర దగ్గర, చీలిక వచ్చేది ఇందుకే. ఎండీఎఫ్‌లోనైతే స్క్రూ చుట్టూ ఉబ్బు లేస్తుంది. కౌంటర్‌సింక్ బిట్టు అంత మేర చెక్కను ముందే తీసేస్తుంది కాబట్టి తల మొత్తం వాలు మీద సమంగా ఆనుతుంది. అయితే వాలు కోణం కలవాలి. మెట్రిక్ కొలతల స్క్రూల తల కోణం 90 డిగ్రీలు, అమెరికా కొలతలవి 82. మెత్తని చెక్కలో ఈ కొద్ది తేడా పెద్దగా తెలియదు, గట్టి కలపలో తెలుస్తుంది. చాలామంది చేసేట్టు లావుపాటి మామూలు డ్రిల్లు బిట్టుతో గుంట తీస్తే తేడా మరీ ఎక్కువ. దాని మొన కోణం సాధారణంగా 118 డిగ్రీలు. గుంట వెడల్పు తలకు సరిపోయినా లోతు చాలదు. తల కింది భాగం ముందే తగిలి, పై అంచు పైకి లేచి నిలుస్తుంది.

అందుకే బిట్టు కొనేటప్పుడు ధర కంటే ముందు చూడాల్సినవి స్క్రూ, చెక్క. ఎక్కువ కోత అంచులున్న బిట్టును వేగంగా తిప్పితే అదిరి, గుంట గోడ గరుకుగా వస్తుంది. మిషన్ వేగం తగ్గించాలి. మొనకు అడ్డంగా రంధ్రం ఉన్న రకం చెక్కను పలచగా కోస్తూ నున్నటి గుంట ఇస్తుంది. ఒకే తరహా స్క్రూలు పదుల కొద్దీ బిగించే పనికి రంధ్రం, గుంట ఒకేసారి వేసే జోడు బిట్టు మేలు. 8 నంబరు స్క్రూ మందం సుమారు 4.2 మిల్లీమీటర్లు. దానికి మెత్తని చెక్కలో 2.5, గట్టి చెక్కలో 3 మిల్లీమీటర్ల రంధ్రం సరిపోతుంది. లోతును ఆపే కాలరు ఉన్న బిట్టయితే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో గుంట మరీ లోతుకు పోయి పట్టు సడలదు. ప్లైవుడ్, ఎండీఎఫ్‌లలోని జిగురు మామూలు స్టీలు అంచును త్వరగా మొద్దుబారుస్తుంది. రోజూ వాటితోనే పనిచేసేవారికి కార్బైడ్ మొన ఖరీదు వృథా పోదు.

ఇంత తీరిక ఎక్కడిదని వడ్రంగులు అడగడం న్యాయమే. గుత్త కూలికి ఒప్పుకున్నవారికి ప్రతి నిమిషమూ లెక్కే. కానీ జోడు బిట్టుతో ఒక్కో స్క్రూకు పట్టే అదనపు సమయం కొన్ని క్షణాలు. బీటవారిన పలక మార్చాలంటే సగం రోజు పోతుంది. సొంతంగా తొలుచుకునే స్క్రూలు వచ్చాక ఇవన్నీ ఎందుకని మరో మాట. మెత్తని చెక్కలో, పలక మధ్యలో అవి బాగానే పనిచేస్తాయి. లామినేట్ మీద, టేకు అంచున వాటినే నమ్ముకోవడం ప్రమాదం. మెత్తని ఇత్తడి స్క్రూ సంగతి చెప్పనే అక్కర్లేదు. ముందు రంధ్రం వేసి, అదే కొలత స్టీలు స్క్రూను ఒకసారి దింపి తీశాకే దాన్ని బిగించాలి. లేకుంటే తల తెగి మొండెం లోపలే ఉండిపోతుంది. లప్పం పెట్టి కప్పేస్తే సరిపోతుందనేవారూ ఉన్నారు. లప్పం మచ్చను దాస్తుంది కానీ విరిగిన పోగులకు పట్టును తిరిగి ఇవ్వలేదు.

ఇక బిట్లు కొనే ఖర్చు సంగతికొస్తే, 2023 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. పనిముట్లకు 15 వేల రూపాయల వరకు సాయం, శిక్షణ కూడా ఇస్తున్నారు. మంచి కౌంటర్‌సింక్ బిట్ల ఖర్చు ఆ మొత్తంలో చిన్న భాగం. శిక్షణలో స్క్రూకు తగ్గ బిట్టు ఎంపికను చేతితో చేయించి నేర్పాలి. పని చేయించుకునేవారు కూడా టేకు రకం, ప్లైవుడ్ గ్రేడు అడిగినంత శ్రద్ధగా స్క్రూలు ఎలా బిగిస్తారో అడగాలి. ఆ శ్రమకు తగ్గ కూలి ఇవ్వడానికీ సిద్ధపడాలి. హడావిడికి బేరమాడి, తర్వాత నాణ్యత లేదని వడ్రంగిని నిందించడం అన్యాయం.