మంచి పేరు ఖరీదు

మా ఆడపడుచు డిగ్రీ కాలేజీలో లెక్చరర్. అక్కడ ఆమెకి చాలా మంచి పేరు. ఆ పేరు ఖరీదెంతో మొన్న సంక్రాంతికి చూశాను. (తను ఒప్పుకున్నాకే రాస్తున్నాను లెండి.) మేమంతా అరిసెలు వండుతుంటే తను సహోద్యోగి దిద్దాల్సిన ఇంటర్నల్ పేపర్లు ముందేసుకుని కూర్చుంది. "ఆయన ఊరెళ్ళాలన్నారు వదినా, కాదంటే ఏమనుకుంటారో!" అంది.

న్యాక్ బృందం వస్తోందంటే ఫైళ్ళు తనే సర్దాలి, గుమ్మంలో ముగ్గు తనే వెయ్యాలి. "మేడమ్ చేస్తే ఇక వంక పెట్టక్కర్లేదు" అంటారట. పొగడ్తలా వినిపించినా అది పని అంటగట్టడమే. ముగ్గెయ్యమని మగ లెక్చరర్ని ఎవరైనా అడిగారా? యూజీసీ 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల బోధన అని ఉంది. ముగ్గు ఆ లెక్కలో లేదు.

ఇంతలో తన పీహెచ్‌డీ థీసిస్ బీరువాలో మూలుగుతోంది. అధ్యాయాలన్నీ అయ్యాయి. మూడోది మాత్రం నాలుగుసార్లు తిరగరాసింది. "ఇచ్చెయ్యమ్మా, బయటి పరీక్షకులు దిద్దమంటే అప్పుడు దిద్దుకోవచ్చు" అని గైడు చెబుతూనే ఉన్నారు. పీహెచ్‌డీకి గడువు ఆరేళ్ళు. ఆడవాళ్ళకి మరో రెండేళ్ళు సడలింపు ఇవ్వొచ్చని 2016 నిబంధనల్లోనూ ఉంది, 2022 వాటిలోనూ ఉంది. ఆ రెండేళ్ళు కాన్పులూ పిల్లలూ చూసి ఇచ్చినవి అనుకుంటాను. పక్కవాళ్ళ పేపర్లు దిద్దడానికైతే కాదు. తనకి అందులో మిగిలింది ఏడు నెలలే!

నాకు ఒళ్ళు మండింది. తన మీద కాదు, ఎదురు చెప్పని పిల్లే బుద్ధిమంతురాలని పెంచిన మన ఇళ్ళ మీద. నేనూ తక్కువదాన్నేం కాదు. ముగింపు కుదరలేదని ఒక కథని రెండేళ్ళు ఎవరికీ పంపలేదు. చివరికి అలాగే పంపితే అచ్చయింది. ఆ ముగింపు గురించి ఒక్కరూ ఏమీ అనలేదు.

"ఖరాఖండీగా కాదనెయ్" అని అందరూ సలహా ఇస్తారు. ఇన్నేళ్ళూ సరే సరే అన్న నోటికి ఆ మాట ఒక్కరోజులో వస్తుందా? అందుకే "చూసుకుని రేపు చెబుతానండీ" అనమన్నాను. ఒక రాత్రి గడిస్తే మొహమాటం కాస్త తగ్గుతుంది. మొదటిసారి అలా అని, మర్నాడు కుదరదని చెప్పేసరికి ఆ సహోద్యోగి నాలుగు రోజులు పలకరించలేదట. తనకి రెండు రాత్రులు నిద్ర లేదు. ఇదంతా హాయిగా జరిగిపోతుందని చెబితే అబద్ధమే అవుతుంది. అయిదో రోజు ఆయనే టీకి పిలిచారు. పేపర్లూ ఆయనే దిద్దుకున్నారు.

పోయిన వారం ఫోన్ చేసింది. మూడో అధ్యాయంలో ఇంకో రెండు తప్పులు కనిపించాయట.

"మరి?" అన్నాను భయంగా.

"బైండింగుకి ఇచ్చేశాను వదినా" అంది.