మీ సంప్ మూత చివరిసారి ఎప్పుడు తీశారు?



పోయిన వానాకాలంలో మా అపార్ట్‌మెంట్‌లో ఒకే వారంలో ఏడుగురు పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. అందరూ సందు చివరి పానీపూరీ బండినే తిట్టారు. మా చిన్నవాడు ఆ బండి దగ్గరకే వెళ్లడు. అయినా వాడికీ వచ్చింది. అప్పుడుగానీ నాకు నీళ్ల మీద అనుమానం రాలేదు.

మాది 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. మున్సిపల్ నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. అవి చాలకపోతే బోరు, ఎండాకాలంలో ట్యాంకర్. అన్నీ ఒకే సంప్‌లో కలుస్తాయి. కమిటీ వాళ్లు టీడీఎస్ మీటరు పెట్టి చూశారు. 380 వచ్చింది. "500 లోపే కదా, నీళ్లు బాగానే ఉన్నాయి" అన్నారు. కానీ ఆ మీటరు చెప్పేది నీళ్లలో కరిగిన లవణాల గురించే. క్రిముల సంగతి దానికి తెలియదు. మురుగు కలిసిన నీళ్లు కూడా దాని దగ్గర పాసైపోవచ్చు.

ల్యాబ్‌కు పంపిస్తే ఈ-కోలై ఉన్నట్టు తేలింది. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్ల తాగునీటిలో ఈ-కోలై అసలు కనిపించకూడదు. వెతికితే సంప్ గోడకు బీట, దానికి మూడడుగుల దూరంలో డ్రైనేజీ చాంబరు. సంప్ ఎప్పుడు కడిగించారో రిజిస్టరులో ఎక్కడా లేదు.

రిపోర్టును నోటీసు బోర్డు మీద పెడదామంటే మీటింగులో సగం మంది ఒప్పుకోలేదు. అద్దెకు ఎవరూ రారన్నారు. ఇంకొందరు "మా ఇంట్లో ఆర్‌ఓ ఉంది, మాకేం పర్లేదు" అన్నారు. ఆర్‌ఓ ఉన్న ఇంట్లో కూడా పిల్లలు పళ్లు తోముకునేది కొళాయి నీళ్లతోనే. వాచ్‌మన్ పిల్లలు తాగేది కూడా ఆ నీళ్లే. చివరికి రిపోర్టు పెట్టాం. ఎవరూ ఖాళీ చేసి వెళ్లలేదు. బీట పూడ్చడానికి డబ్బులు మాత్రం వారంలో వసూలయ్యాయి.

మున్సిపల్ నీళ్లు మన గేటు వరకు మున్సిపాలిటీ బాధ్యత. మన సంప్‌లో పడ్డాక వాటికి మనమే జవాబుదారీ. చిన్న అపార్ట్‌మెంట్లలో ఆ పని ఫలానావారిదని ఎవరూ అనుకోరు. అందుకే కమిటీలో ఒకరికి దీన్ని పేరు పెట్టి అప్పగించాలి. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ల్యాబ్ పరీక్ష చేయించాలి. బోరు నీళ్లయితే ఫ్లోరైడ్, నైట్రేట్ కూడా చూపించాలి. ఇవి కాచినా పోవు. ఫ్లోరైడ్ ఏం చేస్తుందో నల్గొండ జిల్లా వాళ్లను అడిగితే చెబుతారు. క్లోరిన్ వేస్తే సరిపోదు, పై అంతస్తు చివరి కొళాయిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలిందో లేదో కిట్‌తో చూడాలి. సంప్ కడిగిన తేదీని అందరికీ కనబడేలా గోడ మీద రాయాలి.

ఇదే మాట మన స్కూలుకూ వర్తిస్తుంది. మన పిల్లలు రోజులో ఏడెనిమిది గంటలు అక్కడి నీళ్లే తాగుతారు. ఆర్‌ఓ నీళ్లలో క్లోరిన్ దాదాపు మిగలదు, కాబట్టి కూలర్ ట్యాంకులో నిల్వ ఉన్నప్పుడు మళ్లీ క్రిములు చేరే అవకాశం ఉంది. ప్రతి బ్రాంచిలోనూ కూలర్ పక్కన చివరి పరీక్ష తేదీ, ఫలితం, ట్యాంకు కడిగిన తేదీ అంటించాలని యాజమాన్యాన్ని కోరుతున్నాను. నమ్మకం లేక అడగడం లేదు. మా అపార్ట్‌మెంట్‌లో మేమూ ఒకరినొకరం నమ్మే అడగకుండా ఊరుకున్నాం.

వచ్చే పేరెంట్స్ మీటింగులో మార్కులతో పాటు ఈ ఒక్క ప్రశ్న కూడా అడగండి. ఈ ఆదివారం మీ అపార్ట్‌మెంట్‌లో సంప్ మూత తీయించి మీ కళ్లతో చూడండి.

— 6వ తరగతి విద్యార్థి తండ్రి